ఫ్రైడ్ స్టీక్‌కు తెల్ల గ్రేవీ: ఏ కొవ్వుతో, ఏ పిండితో, ఏ పాలతో?

తెల్ల గ్రేవీకి కొవ్వు, పిండి, పాలు, మిరియాలు, ఉప్పు చాలు. ఉల్లిపాయ లేదు, టమాటా లేదు, అల్లం వెల్లుల్లి లేదు, తాలింపు అసలే లేదు. సరుకులు ఇంత తక్కువ కాబట్టే ఏది ఎంచుకుంటున్నామో చూసుకోవాలి. మసాలా కూరలో నూనె కాస్త పాతదైనా, పాలు కాస్త పల్చనైనా కారం, పులుపు కప్పేస్తాయి. ఇక్కడ కప్పేందుకు ఏదీ ఉండదు. పిండి వేగకపోతే పచ్చి వాసన వస్తుంది, కొవ్వు మాడితే చేదు తగులుతుంది, పాలల్లో తీపి ఉంటే ఆ తీపి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

అమెరికాలో టెక్సస్, ఓక్లహోమా రాష్ట్రాల్లో ఈ గ్రేవీని చికెన్ ఫ్రైడ్ స్టీక్ మీద పోసి వడ్డిస్తారు. పేరులో చికెన్ ఉన్నా అది బీఫ్. తొడ భాగంలోని గట్టి మాంసాన్ని సుత్తితో బాది పల్చన చేసి, గుడ్డు, పాలు గిలక్కొట్టిన మిశ్రమంలో ముంచి, ఉప్పు, మిరియాలు కలిపిన పిండిలో పొర్లించి, కోడి ముక్కల్ని వేయించినట్టే కరకరలాడేలా వేయిస్తారు. 19వ శతాబ్దంలో టెక్సస్‌కు వలస వచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ కుటుంబాల ష్నిట్జెల్ (పల్చగా బాదిన మాంసానికి పొర పట్టించి వేయించేది) వంటకమే దీనికి మూలమని ఎక్కువమంది చెబుతారు. ఓక్లహోమా 1988లో ప్రకటించిన అధికారిక రాష్ట్ర భోజనంలో చికెన్ ఫ్రైడ్ స్టీక్‌కు చోటు దక్కింది. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో ఉండే తెలుగువారిలో చాలామందికి ఈ పళ్లెం పరిచయమే. బీఫ్ తినని వారికోసం చాలా హోటళ్లు ఎముక తీసిన కోడి రొమ్ము ముక్కను ఇదే పద్ధతిలో వేయించి, మీద ఇదే గ్రేవీ పోసి ఇస్తాయి. దాన్ని చికెన్ ఫ్రైడ్ చికెన్ అంటారు. కింద చెప్పేదంతా రెండింటికీ వర్తిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ గ్రేవీ రుచి మొదట కొవ్వులో ఉంది, తరవాతే పాలలో. ఖరీదైన క్రీమ్ కొని, మాంసం వేయించిన నూనెను పారబోసేవారు అసలు రుచిని పారబోసుకుంటున్నారు. అందుకే కొవ్వుతో మొదలుపెడదాం. ఎక్కువ మాట్లాడుకోవలసింది కూడా దాని గురించే.

కొవ్వు

మొదటి ఎంపిక, నా దృష్టిలో మేలైనది, స్టీక్ వేయించిన పెనంలో మిగిలిన నూనె. అందులో మాంసం రసం ఉంటుంది, వేగిన పిండి పొర నుంచి రాలిన గోధుమ రంగు పలుకులు ఉంటాయి, పొరలో కలిపిన ఉప్పు, మిరియాలు ఉంటాయి. వీటిని ఏ సీసాలోంచీ తెచ్చి పోయలేం. స్టీక్ తీసేశాక మంట ఆపి, నూనెను రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. పలుకులన్నీ అడుగుకు చేరతాయి. అప్పుడు పైనూనెను నెమ్మదిగా ఒక స్టీలు గిన్నెలోకి వంపేయండి. ఆ నూనెలోంచి 4 టేబుల్ స్పూన్లు కొలిచి తిరిగి పెనంలో పోస్తే నలుగురికి సరిపోయే గ్రేవీకి కొవ్వు సిద్ధమైనట్టే.

అయితే దీనికి ఒక షరతు ఉంది. ఆ పలుకుల రంగు చూడాలి. బంగారు రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఉంటే నిశ్చింతగా వాడండి. నల్లబడి ఉంటే వాడకండి. అనుమానంగా ఉంటే ఒక పలుకును చెంచాతో తీసి, చల్లార్చి, నోట్లో వేసుకోండి. మాడిన చేదు రవ్వంత తగిలినా గ్రేవీ అంతటా అదే తగులుతుంది. ఎన్ని పాలు పోసినా అది పోదు. పలుకులు మాడటానికి ముఖ్య కారణం, స్టీక్‌ను నూనెలో వేసేముందు అదనపు పిండిని దులపకపోవడం. పొర్లించిన ముక్కలను దులిపి, పది నిమిషాలు జాలీ మీద ఆరనిస్తే పొర మాంసానికి అంటుకుపోతుంది, నూనెలోకి రాలేది తగ్గుతుంది. నూనె 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే పొర వేగుతుంది, రాలిన పిండి మాడదు. ఒకే నూనెలో ఆరేడు ముక్కలు వేయించేటప్పుడు మధ్యలో ఒకసారి జల్లి గరిటెతో పలుకులు తీసి పక్కన పెట్టుకుంటే మరీ మంచిది. గ్రేవీ చేసేటప్పుడు వాటినే తిరిగి వేసుకోవచ్చు.

పలుకులు మాడిపోయాయనుకోండి. నూనెనంతా పారబోయనక్కరలేదు. నూనె వాసన బాగుంటే పలుచని బట్టలో వడగట్టి, పెనాన్ని కాగితంతో శుభ్రంగా తుడిచి, వడగట్టిన నూనె 3 టేబుల్ స్పూన్లు, వెన్న 1 టేబుల్ స్పూన్ కలిపి మొదలుపెట్టండి. మాంసం వాసన నూనెలో చాలావరకు నిలిచే ఉంటుంది. నూనె కూడా మాడు వాసన వేస్తుంటే మాత్రం మోహమాటం లేకుండా వదిలేయండి.

రెండో ఎంపిక వెన్న. స్టీక్‌ను లోతైన నూనెలో దేవితే పెనం అడుగున పలుకులు మిగలవు, అప్పుడు వెన్నే సరైన దారి. ఉప్పు లేని వెన్న తీసుకుంటే ఉప్పు మీ చేతిలో ఉంటుంది. వెన్నలో దాదాపు 16 శాతం నీరుంటుంది. కరిగించగానే నురగ వస్తుంది. ఆ నురగ తగ్గాకే పిండి వేయాలి. వెన్నతో చేసిన గ్రేవీ తెల్లగా, నున్నగా, కాస్త తీపి వైపు మొగ్గే రుచితో వస్తుంది. చూడటానికి ఇదే అందంగా ఉంటుంది. మాంసంతో తింటే మాత్రం ఏదో లోటు తెలుస్తుంది. గ్రేవీ ఒక వైపు, మాంసం ఒక వైపు ఉన్నట్టు అనిపిస్తుంది. మిరియాలు పెంచితే ఆ లోటు కొంత తీరుతుంది.

బేకన్ (ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం) వేయించగా వచ్చిన కొవ్వును అమెరికా దక్షిణాది ఇళ్లలో సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచుకుంటారు. దానితో చేస్తే పొగ వాసన, ఉప్పదనం రెండూ వస్తాయి. ఉదయం పూట అమెరికా బిస్కెట్ల (తీపి లేని మెత్తని చిన్న రొట్టెలు) మీద పోసుకునే గ్రేవీకి అది బాగుంటుంది. స్టీక్ మీదికైతే సగం బేకన్ కొవ్వు, సగం నూనె చాలు, పూర్తిగా అదే వాడితే స్టీక్ రుచి వెనక్కి పోతుంది. ఉప్పు చివరి దాకా వేయకండి.

నెయ్యి గురించి మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. నెయ్యిలో పిండి చక్కగా వేగుతుంది, గ్రేవీ చిక్కబడటంలో ఏ ఇబ్బందీ లేదు. కాని మైదా, నెయ్యి, పాలు కలిసి వేడెక్కగానే వచ్చేది మిఠాయి దుకాణం వాసన. మిరియాలతో ఆ వాసనకు పొత్తు కుదరదు. ఇంట్లో వెన్న లేకపోతే నెయ్యి కన్నా వాసన లేని మామూలు వంటనూనె నయం. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె రెండూ పనికొస్తాయి.

పిండి

ఇక్కడ ఎక్కువ ఆలోచించే పని లేదు. మైదా వాడండి. అమెరికాలో ఆల్ పర్పస్ ఫ్లోర్ పేరుతో అమ్మేది దాదాపు అదే పని చేస్తుంది. చపాతీల గోధుమ పిండితో చేస్తే తవుడు వల్ల గ్రేవీ మట్టి రంగుకు తిరుగుతుంది, నాలుకకు గరుకుగా తగులుతుంది. అమెరికాలో ఉన్నవారు ఒక్కటి గమనించండి: సెల్ఫ్ రైజింగ్ అని రాసి ఉన్న పిండిలో ముందే బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి ఉంటాయి. గ్రేవీకి అది పనికిరాదు.

కార్న్‌ఫ్లోర్‌కు (అమెరికాలో దీన్ని కార్న్‌స్టార్చ్ అంటారు) చిక్కబరిచే శక్తి మైదా కన్నా దాదాపు రెట్టింపు. అయినా స్టీక్ గ్రేవీకి నేను దాన్ని సిఫారసు చేయను. దానితో చేసినది గాజులా మెరుస్తూ, జిగటగా వస్తుంది. ఈ గ్రేవీకి కావలసింది మెరుపు లేని, వెన్నలాంటి తెలుపు. గోధుమ పడనివారు మాత్రం కార్న్‌ఫ్లోర్‌ను మైదా కొలతలో సగం తీసుకుని, చల్లని పాలలో కలిపి, చివర్లో పోసి, చిక్కబడగానే దించేయాలి. ఎక్కువసేపు మరిగిస్తే మళ్లీ పల్చబడుతుంది. వాళ్లకు ఇంకో దారి సన్నగా జల్లించిన బియ్యప్పిండి. మైదాలాగే కొవ్వులో వేయించుకోవచ్చు. కాస్త ఇసుకదనం ఉన్నా రంగు తెల్లగా వస్తుంది. నన్ను అడిగితే కార్న్‌ఫ్లోర్ కన్నా దానికే ఓటు వేస్తాను. గోధుమ పడనివారు స్టీక్ పొరకు కూడా మైదా వాడకూడదని వేరే చెప్పనక్కరలేదు.

స్టీక్ పొర్లించగా మిగిలిన పిండినే గ్రేవీకి వాడటం చాలా ఇళ్లలో అలవాటు. మసాలా కలిసి ఉంటుంది కాబట్టి రుచి బాగుంటుంది. కాని అందులో పచ్చి మాంసం తడి, గుడ్డు తడి కలిసి చిన్న చిన్న ఉండలు కట్టి ఉంటాయి. పిండిలో ఉప్పు, మిరియాలు కలిపిన వెంటనే, మాంసం తగలకముందే, 4 టేబుల్ స్పూన్లు వేరుగా తీసి పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

కొవ్వులో వేయించాలా, పాలలో కలిపి పోయాలా?

పిండిని కలిపే తీరు రెండు రకాలు. కొవ్వులో పిండి వేయించి పాలు పోయడం ఒకటి. మూత బిగించిన సీసాలో చల్లని పాలు, పిండి వేసి బాగా గిలకరించి, ఆ పాలను వేడి పెనంలో పోయడం రెండోది. రెండో పద్ధతిలో ఉండలు కట్టే భయం తక్కువ, అందుకే కొత్తగా వంట నేర్చుకునేవారికి ఇది ధైర్యాన్నిస్తుంది. లోపం ఏమిటంటే పిండి వేగదు, ఉడుకుతుంది. పచ్చి వాసన పోవడానికి సన్నని సెగ మీద ఎక్కువసేపు కలుపుతూ నిలబడాలి. ఉడికాక కూడా వేయించిన పిండి కమ్మదనం దానికి రాదు. నా ఎంపిక మొదటిదే.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. ఒక కప్పు పాలకు 2 టేబుల్ స్పూన్ల కొవ్వు, 2 టేబుల్ స్పూన్ల పిండి. అమెరికా కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. నలుగురికి 2 కప్పుల పాలు, కొవ్వు 4, పిండి 4 టేబుల్ స్పూన్లు. పల్చన చేసుకోవడానికి ఇంకో అర కప్పు పాలు పక్కన ఉంచుకోండి, తప్పకుండా అవసరం పడతాయి. కప్పుకు ఒక్క టేబుల్ స్పూన్ పిండే వేస్తే సూపులా పల్చగా ఉంటుంది. మూడు వేస్తే గరిటె నిలబడేంత గట్టిపడుతుంది.

మధ్యస్థమైన మంట మీద కొవ్వు వేడెక్కాక పిండి చల్లి, విస్కర్‌తో కలుపుతూ ఒకటి రెండు నిమిషాలు వేయించండి. మొదట ముద్దలా ఉన్నది కాసేపటికి వదులై, అంతటా చిన్న బుడగలు వస్తాయి. పచ్చి పిండి వాసన పోయి కమ్మని వాసన మొదలవుతుంది. రంగు లేత ఇసుక రంగు దాటకూడదు. ఇంకా వేయిస్తే గ్రేవీ తెల్లగా రాదు సరికదా, పిండిలోని గంజి విరిగిపోయి చిక్కబరిచే శక్తి కూడా తగ్గుతుంది. అప్పుడు మంట తగ్గించి, అర కప్పు పాలు మాత్రమే పోసి గట్టిగా కలపండి. పెనంలోది ఒక్కసారిగా బిగిసి మెత్తని ముద్ద అవుతుంది. చూసి కంగారు పడకండి, అది అలాగే కావాలి. ఆ ముద్ద నున్నగా అయ్యేదాకా తిప్పి, ఇంకో అర కప్పు పోయండి. అది కలిసిపోయాక మిగతా పాలు సన్నని ధారగా పోసేయవచ్చు. పాలు చల్లగా ఉండాలా, వెచ్చగా ఉండాలా అని వాదించుకుంటారు గాని, కొద్దికొద్దిగా పోసేవారికి రెండూ పనిచేస్తాయి. చల్లని పాలైతే కాస్త ఆలస్యంగా చిక్కబడుతుంది, అంతే. పాలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తేనే ఉండలు కడతాయి.

పాలు పోశాక అడుగు గీకుతూ కలపాలి. పెనానికి అంటుకున్న గోధుమ రంగు పొర అప్పుడే కరిగి గ్రేవీలో కలుస్తుంది. ఈ పనికి పోత ఇనుప పెనం గాని, మందపాటి స్టీలు పెనం గాని బాగుంటుంది. నాన్‌స్టిక్ పెనంలో ఆ పొర సరిగా ఏర్పడదు. గ్రేవీ తుకతుక మొదలయ్యాక సన్నని సెగ మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి. పిండిలోని గంజి మరుగు దగ్గరికి వచ్చేదాకా పూర్తిగా ఉబ్బదు, కాబట్టి వేడెక్కకముందే పల్చగా ఉందని పిండి కలపకండి. గరిటె వెనక భాగాన్ని గ్రేవీలో ముంచి తీసి వేలితో గీత గీయండి. గీత చెదరకుండా నిలిస్తే అయినట్టే. దించేటప్పుడు జారుగా కలిపిన దోసెల పిండి కన్నా కొంచెం పల్చగా ఉండాలి, ఎందుకంటే పళ్లెంలోకి వెళ్లేలోపు ఇంకా బిగుస్తుంది.

పాలు

అమెరికాలో హోల్ మిల్క్ అని అమ్మే పాలలో కొవ్వు కనీసం 3.25 శాతం ఉంటుంది. సంప్రదాయ గ్రేవీకి అవే పాలు. మన దగ్గర ప్యాకెట్ మీద రాసే టోన్డ్ పాలలో 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు కనీసంగా ఉండాలి. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ గ్రేవీ చేసేవారికి టోన్డ్ పాలే అమెరికా పాలకు దగ్గర. ఫుల్ క్రీమ్ పాలతో చేస్తే క్రీమ్ కలిపినంత చిక్కగా వస్తుంది. నాకు మధ్యలోని 4.5 శాతం పాలు సరిగ్గా అనిపిస్తాయి. కాచి చల్లార్చిన పాలు వాడేటప్పుడు మీగడ తీసేయండి, లేదా పాలలో పూర్తిగా కలిసేలా గిలక్కొట్టండి. మీగడ తునకలు గ్రేవీలో తేలితే ఉండలు కట్టిందేమో అనిపిస్తుంది. డబుల్ టోన్డ్ పాలతో, కొవ్వు తీసిన పాలతో గ్రేవీ చిక్కబడుతుంది గాని నోట్లో నీళ్లగా ఉంటుంది. ఆ పాలే ఉంటే దించేముందు ఒక టేబుల్ స్పూన్ వెన్న వేసి కలపండి.

క్రీమ్ పూర్తిగా వాడటం అనవసరం. కరకరలాడే నూనె పొర మీద అంత కొవ్వు పడితే నాలుగు ముద్దలకే వెగటు పుడుతుంది. అతిథుల కోసం ఇంకాస్త చిక్కదనం కావాలంటే 2 కప్పుల పాలలో పావు కప్పు తగ్గించి, ఆ మేరకు క్రీమ్ పోస్తే చాలు.

ఎవాపొరేటెడ్ మిల్క్ డబ్బాలు అమెరికాలో ప్రతి దుకాణంలో దొరుకుతాయి. పాలలోని నీటిని దాదాపు 60 శాతం ఇగిరించి, తీపి కలపకుండా డబ్బాలో పెడతారు. సగం ఆ పాలు, సగం నీళ్లు కలిపితే మామూలు పాల చిక్కదనం వస్తుంది, వేడికి విరిగే భయమూ తక్కువే. కాచిన పాల వాసన మాత్రం ఉంటుంది. కొందరికి అదే ఇష్టం. దాని పక్కనే ఉండే కండెన్స్‌డ్ మిల్క్‌లో చక్కెర ఉంటుంది, పొరపాటున కూడా ఆ డబ్బా తీయకండి.

అమెరికా బటర్‌మిల్క్, మన మజ్జిగ రెండూ పులిసినవే. స్టీక్‌ను ముంచడానికి అవి శ్రేష్ఠం. గ్రేవీలో పోసి మరిగిస్తే విరిగిపోతాయి. లాక్టోస్ తీసిన పాలు తాగేవారు ఆ పాలతో చేసుకోవచ్చు, కాని అందులో లాక్టోస్ చిన్న చక్కెరలుగా విడిపోయి ఉంటుంది కాబట్టి రుచి కొంచెం తియ్యగా ఉంటుంది. మిరియాలు పావు టీస్పూన్ పెంచండి. సోయా, ఓట్ పాలైతే తీపి గాని, వెనీలా గాని లేని రకం చూసి కొనండి.

మిరియాలు, ఉప్పు

2 కప్పుల పాలకు అప్పుడే బరకగా దంచిన నల్ల మిరియాలు ఒక టీస్పూన్. ఎక్కువ అనిపిస్తుంది గాని కాదు. సగం పిండి వేగేటప్పుడు, సగం దించేముందు వేస్తే ఘాటు, సువాసన రెండూ దక్కుతాయి. తెల్లని గ్రేవీలో నల్లని చుక్కలు కనబడకూడదని ఫ్రెంచ్ వంటలవారు తెల్ల మిరియాలు వాడతారు. టెక్సస్ గ్రేవీలో ఆ చుక్కలు కనబడాల్సిందే. తెల్ల మిరియాల వాసన కూడా వేరు, ఈ పళ్లెంలో ఇమడదు. ఉప్పు మాత్రం పాలు చిక్కబడ్డాకే రుచి చూసి వేయండి, పెనంలోని పలుకుల్లో ఎంత ఉందో ముందుగా తెలియదు. కారం కావలసినవారు గ్రేవీలో పచ్చిమిర్చి, గరం మసాలా వేయకుండా స్టీక్ పొర పిండిలో ఒక టీస్పూన్ కారం కలుపుకోండి. వేగిన కారం మీద కమ్మని తెల్ల గ్రేవీ రుచి తగిలినప్పుడు కలిగే ఆనందం, అంతా కారంగా ఉన్నప్పుడు ఉండదు.

ప్యాకెట్ పొడి

నీళ్లలో కలిపి మరిగిస్తే గ్రేవీ అయ్యే పొడులు ఉన్నాయి. 1851లో టెక్సస్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో పిండిమరగా మొదలై, తరవాత శాన్ ఆంటోనియోకు మారిన గెంథర్ సంస్థ పయొనీర్ పేరుతో అమ్మే పొడి వాటిలో ఒకటి. లోతైన నూనెలో దేవి, పెనం అడుగున పలుకులు మిగలనప్పుడు, పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఉప్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి నీళ్లలో కొంత తగ్గించి పాలు పోయండి, కొత్త మిరియాలు దంచి వేయండి. కాని పెనంలో మంచి పలుకులు మిగిలి ఉండగా ప్యాకెట్ చింపడం అన్యాయం. ఇంట్లో చేసుకోవడానికి పట్టేది పది, పన్నెండు నిమిషాలే.

గ్రేవీ ఎక్కడ పోయాలన్నది కూడా ఎంపికే. హోటళ్లలో స్టీక్ మీదే పోస్తారు. వెంటనే తినేవారికి అది బాగుంటుంది. నెమ్మదిగా తినే ఇంట్లో సగం గ్రేవీని పక్కన వడ్డించే బంగాళదుంప ముద్ద మీద పోసి, మిగతాది గిన్నెలో పక్కన పెట్టండి, స్టీక్ పొర చివరి దాకా కరకరలాడుతుంది. మిగిలిన గ్రేవీని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది. సన్నని సెగ మీద పాలు ఒక్కో చెంచా పోస్తూ విస్కర్‌తో తిప్పితే మళ్లీ జారుగా అవుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, కరిగించినప్పుడు నీరు, గట్టి భాగం విడిపోతాయి.